మేనత్త ఇల్లు

రువాహా అడవిలో యాత్రికుల్ని తిప్పే బండివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఏ కాగితం మీదా రాసి లేదు. సింహం గానీ చిరుత గానీ ఈనితే, పిల్లలు తల్లి వెంట నడిచేదాకా ఆ చోటు బండ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో చెప్పకూడదు. నికోడెమో న్యెంజా ఇరవై ఏడేళ్లుగా ఆ మాట తప్పలేదు.

అతనిది అడవి అంచునున్న తుంగమలెంగా. దారుల వెంబడి గడ్డి కోసే కూలిగా పనిలో చేరాడు. ఎవరో యాత్రికుడు సీటు కింద మరిచిపోయిన పక్షుల పుస్తకం దొరికితే, బొమ్మను చూసి పిట్టను పోల్చుకుంటూ, పిట్టను చూసి అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చాడు. అతని బండెక్కినవాళ్లు సింహం కనబడకపోయినా అలగరు. పేడపురుగు ఉండ దొర్లించుకుపోతుంటే బండి ఆపి అరగంట చూపిస్తాడు. వాళ్లూ నోరు తెరుచుకుని చూస్తారు.

పక్క విడిదిలో బండి నడిపే బసిలియో మపుండా న్గోనీ తెగవాడు. నికోడెమో హేహే తెగవాడు. తాతల నాడు ఆ రెండు తెగలూ కొట్టుకుచచ్చాయి. ఇప్పుడు మిగిలింది వేళాకోళం. దాన్ని ‘ఉతాని’ అంటారు. మన బావమరుదుల సరసం లాంటిదే, కాకపోతే రెండు తెగలకు తెగలే బావమరుదులు. అవతలివాడు ఎంత మాటన్నా పడాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

“కుక్కల్ని లోపల కట్టేసుకోండర్రా, హేహే వాడు ఆకలి మీదున్నాడు!” అని అరుస్తూ వచ్చేవాడు బసిలియో భోజనాల పాకలోకి. హేహేలు కుక్కల్ని తింటారని న్గోనీల వెక్కిరింత.

“ముందు నువ్వు కూర్చో బావా. దక్షిణాన్నుంచి మీ తాతలు ప్రాణభయంతో పరిగెత్తిన పరుగుకి నీ కాళ్లింకా వణుకుతున్నాయి.”

నికోడెమో భార్య అగ్నెటా పోయినప్పుడు, శవపెట్టె ఎత్తే సమయానికి బసిలియో, ఉతాని వాడుక ప్రకారం, దారికడ్డంగా పడుకున్నాడు. “కోడినిస్తేనే లేస్తా! ఈవిడ వండిన ఉగాలి సంకటి తిని బతికి బట్టకట్టినవాణ్ణి నేనొక్కణ్ణే!” అన్నాడు. ఏడుస్తున్నవాళ్లంతా పకపకా నవ్వారు. నికోడెమో కూడా నవ్వాడు. ఆ నవ్వే లేకపోతే ఆ రోజు గోతి దగ్గరనుంచి ఇంటిదాకా నడవలేకపోయేవాణ్ణని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

నది ఎండి ఇసుక తేలిన అక్టోబరులో ఒక ఆడ చిరుత, వాగు మలుపులో రాళ్ల సందున ఈనింది. రెండు పిల్లలు, అప్పుడే కళ్లు తెరిచినవి. నికోడెమో ఆ చిరుతను మేనత్త అంటాడు. కొమ్మ మీద కూర్చుని, కింద పోయే ప్రతివాళ్లలోనూ వంక వెతుకుతున్నట్టే చూస్తుంది మరి. ఆ పేరు అతనికీ, బసిలియోకీ తప్ప మూడోవాడికి తెలియదు.

రోజూ ఆ రాళ్ల పక్కనుంచే బసిలియో బండి పోతుంది. అందుకని చెప్పక తప్పలేదు.

“మేనత్తకి పురుడొచ్చింది. కొన్నాళ్లు రాళ్ల దారి వదిలేసి చుట్టు తిరిగి పో.”

“ఎందరు?”

“ఇద్దరు.”

“హేహేలకన్నా అందంగా ఉన్నారా?”

“న్గోనీలకన్నా నయం.”

బసిలియో చేతిలోని ఉగాలి ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. “నా నోట రాదు బావా,” అన్నాడు.

అయిదో రోజు పొద్దున నికోడెమో ఒక ముసలి దంపతులకు జిరాఫీల్ని చూపిస్తున్నాడు. రేడియో గరగరలాడింది.

“మేనత్త ఇంట్లోనే ఉంది. ఆడ చిరుత, ఇద్దరు పిల్లలు. వాగు మలుపు, రాళ్ల దారి.”

బసిలియో గొంతు. నికోడెమో ఒక్క క్షణం తన తలలో మాటే పైకి వినబడిందనుకున్నాడు.

అతను వెళ్లేసరికి తొమ్మిది బండ్లు మూగి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు బసిలియోది. మేనత్త ఒక పిల్లను నోట కరుచుకుని బయటికొచ్చింది. ఇంజన్ల మోతకు బెదిరి, బండ్ల సందులోంచి దూరి వాగు దాటిపోయింది. రెండోదాని కోసం తిరిగి రావాలి. దారి నిండా బండ్లే. “వెనక్కి తీయండర్రా!” అని నికోడెమో అరిచాడు. ఎవరికీ వినబడలేదు. దంపతుల్ని విడిదిలో దించి, మధ్యాహ్నం ఒక్కడే తిరిగొచ్చాడు. రాళ్ల సందు ఖాళీగా ఉంది. ముందరి ఇసుకలో దుమ్ములగొండి అడుగులున్నాయి.

పాకలో బసిలియో తింటున్నాడు.

“నీకొక్కడికే చెప్పాను,” అన్నాడు నికోడెమో.

“నా బండిలోవాళ్లకున్నది రెండే రోజులు బావా. సాయంత్రం విమానం. చిరుతను చూడకుండానే పంపమంటావా? చూశాక మిగతా బండ్లకు చెప్పకపోతే రేపు నాకెవడు చెప్తాడు? ఇద్దరు ముగ్గురు వస్తారనుకున్నా. అంతమంది వస్తారని నేను కలగన్నానా?”

“పిల్లని దుమ్ములగొండి ఎత్తుకుపోయింది.”

బసిలియో ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం చుట్టూ చూసి గొంతు పెంచాడు. “చూడండర్రా, హేహే వాడికి కోపమొచ్చింది! కుక్కలు జాగ్రత్త!”

పాకలో అందరూ నవ్వడానికి సిద్ధమై నికోడెమో వైపు చూశారు. ఇప్పుడు కోప్పడితే తప్పు తనదే అవుతుంది. ఆ సంగతి బసిలియోకి బాగా తెలుసు. తెలిసే ఆ సరసం వెనక నక్కాడు. పిల్ల పోయినందుకన్నా నికోడెమోకి ఎక్కువ మండింది అక్కడే.

అతను చేతులు కడుక్కుని, తుడుచుకుని, మెల్లగా అన్నాడు. “నేను పోయినప్పుడు దారికడ్డంగా పడుకోవద్దు బసిలియో. కోడి అడగొద్దు. అందరిలాగే వెనకాల నిలబడి ఏడువు.”

ఎవరూ నవ్వలేదు.

డిసెంబరులో వానలు పడ్డాయి. ఒక పొద్దున నికోడెమో బండికి పది గజాల ముందు మేనత్త దారి దాటింది. వెనకాల ఒకే ఒక్క పిల్ల, తడిగడ్డిలో తడబడుతూ నడుస్తోంది. నడుస్తోంది కాబట్టి, కట్టుబాటు ప్రకారం ఇక చెప్పొచ్చు.

రేడియోలో బసిలియో అడిగాడు, జంకుతూ. “బావా, అటేమైనా కనబడిందా?”

వెనక సీట్లలో యాత్రికులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పిల్ల ఆగి, తల్లి తోకను ఒకసారి పట్టుకోబోయి, మళ్లీ నడిచింది.

“జింకలు,” అన్నాడు నికోడెమో. ఇరవై ఏడేళ్లలో రేడియోలో అతనాడిన మొదటి అబద్ధం అదే.