ఉలవల మీద నడిపిన కారు

కారు నా పేరు మీదే ఉంది. లైసెన్సు నలభై ఏడో ఏట తెచ్చుకున్నాను. మిర్యాలగూడలో మా వీధికి అది చిన్న విషయమేం కాదు. నేను గేటులోంచి కారు బయటికి తీస్తుంటే ఎదురింటివాళ్లు పని మానుకుని మరీ చూసేవాళ్లు. ఇక మా ఆయనకైతే, బండి మీద పడే ప్రతి గీతకూ నేనే కారణమని గట్టి నమ్మకం. రెండు గీతల విషయంలో ఆ నమ్మకం నిజమే.

కొన్న రెండో ఏడాదే ఆ కారు కోదాడ దగ్గర ఆగిపోయింది. టీచర్ల శిక్షణకు వెళ్తున్నాను. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. లోపల ఎవరో ఇనుప గిన్నె మీద కొడుతున్నట్టు చప్పుడు. వెంటనే పక్కకు తీసి ఆపాను. మళ్లీ తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. రోడ్డు పక్కన టీ బండి ఆయన వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"ఇంజన్ పట్టేసినట్టుందండీ. ఇంక తాళం తిప్పమాకండి. వారంటీ ఉందిగా, కంపెనీవాళ్లకు ఫోన్ చేయండి" అన్నాడు.

వాళ్ల లారీ వచ్చి కారును సూర్యాపేట సర్వీస్ సెంటర్‌కు ఎక్కించుకుపోయింది. మా ఆయనకు ఫోన్ చేస్తే మొదటి మాట, "ఏం జేసినవ్?" ఏమైంది అని కాదు! నాకు ఒళ్లు మండింది. కానీ నేను నిజంగానే ఒకటి చేశాను.

వారం ముందు బడి నుంచి వస్తుంటే ఒక అవ్వ రోడ్డు మీద ఎండిన ఉలవ తీగ పరుచుకుని కూర్చుంది. మా వైపు ఇది మామూలే. వచ్చేపోయే బండ్ల చక్రాల కింద కాయ పగిలి గింజ రాలుతుంది, సాయంత్రం ఊడ్చి చెరుక్కుంటారు. ఆ రోజు ఎందుకో బండ్లే లేవు. అవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"బిడ్డా, పొద్దుగాల సంది సూస్తున్న, ఒక్క బండి వస్తలేదు. జర నాలుగు సార్లు తిప్పి పో."

నేను రైతు బిడ్డను. నాలుగు అడిగితే పది సార్లు తిప్పాను. ముందుకీ వెనక్కీ, రివర్స్ కూడా అలవాటవుతుందని, మహా సంబరంగా తిప్పాను. కింద చుట్టుకున్న తీగను ఇంటికొచ్చి కొంత పీకేసి, మిగతాది అదే పోతుందిలే అనుకున్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "కారుతోని ఉలవలు తొక్కిచ్చినవా? ఈ ముచ్చట కంపెనీవాళ్లకు చెప్పకు. చెప్తే వారంటీ ఖతం. కొత్త ఇంజన్ కొనుడు మనతోని అయితదా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇంజన్ మేమే కొనాల్సి వస్తే కారును మూలన పెట్టేయడమే. దాంతోపాటు నా డ్రైవింగ్ కూడా మూలన పడుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండోదే ఎక్కువ భయం.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి సూర్యాపేట సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి సూపర్‌వైజర్ కారు కింద నుంచి తీసిన గుప్పెడు తీగ బల్ల మీద పెట్టాడు.

"ఇదేంది మేడం?"

మా ఆయన అందుకున్నాడు. "రోడ్డు మీద పరుస్తరు గద సార్, అందరి బండ్లు దాని మీదికెళ్లే పోతయి."

అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. మా బడి పిల్లలు ఇలాంటి జవాబు చెబితే నేను ఊరుకోను. "కావాలనే తిప్పిన సార్, పది సార్లు. రాసుకోండ్రి" అన్నాను. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. సూపర్‌వైజర్ నన్నొకసారి చూసి, నేను చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాశాడు. "హైదరాబాద్ నుంచి ఇంజనీర్ వచ్చి ఇప్పి సూస్తడు. ఆయన ఏమంటే అదే ఫైనల్ మేడం."

ఆయన రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ బస్సులోనే బడికి వెళ్లాను. ఎందుకు చెప్పానా అని ఒక్కోసారి ఏడుపొచ్చేది. చెప్పకుంటే ఇంకా ఏడ్చేదాన్నని కూడా తెలుసు.

ఇంజనీర్ మమ్మల్నిద్దరినీ పిలిచి, విప్పిన ఇంజన్ ముందు నిలబెట్టాడు. "ఆయిల్ పంపు లోపల విరిగింది. ఇది తయారీలో లోపం. మీ ఉలవలకూ దీనికీ సంబంధం లేదు. కానీ మళ్లీ ఆ పని చేయకండి, సైలెన్సర్ వేడికి తీగకు నిప్పంటుకుంటుంది." కాగితం చూసి ఇంకో మాట అన్నాడు. "రెడ్ లైట్ వెలిగిన పదకొండు సెకన్లకు ఇంజన్ ఆపేశారు. బండి కంప్యూటర్లో ఉంది. చాలామంది ఇంటిదాకా లాగుతారు మేడం."

"పదకొండా?" అన్నాడు మా ఆయన. ఇంజనీర్ కాగితం ఆయన చేతికిచ్చాడు. చాలాసేపు చదివాడు.

వారంటీ కిందే కొత్త ఇంజన్ వేశారు. కారు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు సూపర్‌వైజర్ తాళం అలవాటుగా మా ఆయనకే ఇవ్వబోయాడు. "నాకెందుకు సార్, మేడంకియ్యి" అని, ఈయన వెళ్లి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు.

నా పక్కన కూర్చుంటే లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండే మనిషి. సూర్యాపేట దాటాక చాలాసేపు సడీ చప్పుడూ లేకపోతే, అలిగాడేమోనని ఓరగా చూశాను. నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. లేస్తాడేమోనని, మిర్యాలగూడ దాకా ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.