దయ్యాన్ని ఇంటికి పిలవబోయిన రోజు

కొత్తకోట దగ్గర, మా ఊరి నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఒకప్పుడు దొర ఉన్న పాత గడి, కోటలాంటి ఇల్లు ఉంది. తెలంగాణ వచ్చాక దొర మనవళ్లు దానికి రంగులు వేయించి, బోర్డు పెట్టి మ్యూజియం చేశారు. అందులో దయ్యం ఉందని చుట్టుపక్కల ఊళ్లకు ముందునుంచీ తెలుసు. ఇప్పుడు హైదరాబాదు వాళ్లకూ తెలిసింది. ఆదివారమైతే చాలు, ఫోన్లు పట్టుకొని కార్లలో దిగిపోతారు. టికెట్ కొనుక్కొని మరీ దయ్యం కోసం ఎగబడే ఆ జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ దయ్యం మా అవ్వ వాళ్ల అక్క.

అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. ఆమె గొర్రెపిల్లల వెంట తిరిగే వయసులో ఉన్నప్పుడు వాళ్ల అక్కను గడిలో పనికి పెట్టారు. జీతం లేదు, సెలవు లేదు, బతికినన్నాళ్లూ అక్కడే ఉండాలి. అలాంటి పిల్లను ఆడబాప అనేవాళ్లు. పెళ్లీడు రాకముందే ఆ పిల్ల గడి బావిలో తేలింది.

గొర్రెలు కాసే మా ఇళ్లలో అట్లా పోయిన ఆడపిల్లను గాలికి వదిలేయరు. ఆమె పోయిన చోటికి ఒక గొర్రెను తీసుకుపోయి, పసుపు నీళ్లు చల్లి పిలుస్తారు. గొర్రె ఒళ్లు దులిపితే ఆమె వస్తానన్నట్టు. అక్కడి మట్టి ఇంత కొంగున కట్టుకొచ్చి ఇంటి దేవతగా నిలుపుకుంటారు. దులపలేదంటే రానన్నట్టే. అప్పుడు మట్టి ముట్టకూడదు.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు అవ్వను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఇక ఆశ లేదని మాకందరికీ అర్థమైంది. ఆమెకు మాకంటే ముందే అర్థమైంది.

"నా పుట్టింట్ల ఎవ్వలు మిగల్లే. నేను గూడ పోతే దాన్ని పిలిచేటోళ్లే ఉండరు. ఊపిరి ఉన్నప్పుడే నన్ను గడికి తీస్కపోండ్రి" అంది.

బాపు మందలోంచి ఒక పొట్టేలుపిల్లను పట్టాడు. దాన్ని, అవ్వను ఆటోలో ఎక్కించుకొని బయల్దేరాం. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"గొర్రెతోని మ్యూజియం చూస్తరా? ఏడన్న ఉన్నదా గిది?"

బాపు గొర్రెను పట్టుకొని బయటే ఉన్నాడు. బావి చూస్తానంటే అవ్వను నేను లోపలికి నడిపించాను. బావి మీద ఇనుప జాలీ వేసి, లోపల పచ్చ బల్బు పెట్టారు. పక్కన గైడు ఒక గుంపుకు కథ చెబుతున్నాడు. దొర చెల్లెలట, ప్రేమించినవాడు దక్కక దూకిందట, అమావాస్య నాడు గజ్జెల చప్పుడట.

"గజ్జెలేడియి దానికి? కాళ్లకు చెప్పులే లేకుండె" అంది అవ్వ.

గుంపంతా నవ్వింది. గైడు కూడా నవ్వి, "జర పక్కకు జరుగు ముసలమ్మా, ఫొటోలు దిగుతరంట" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అవ్వ బరువంతా నా భుజం మీదే ఉంది, ఊరుకున్నాను.

బయటికొచ్చి గడి గోడ పక్కన, బావికి దగ్గరగా ఉన్న చోట గొర్రెను నిలబెట్టాం. అవ్వ పసుపు నీళ్లు చల్లి, "అక్కా, ఇంటికి పోదాం రాయే" అంది. గొర్రె కదల్లేదు. మళ్లీ చల్లింది, మళ్లీ పిలిచింది. ఎండ నెత్తికెక్కింది. అవ్వ గొంతు కీచుగా మారి, చివరికి గాలి మాత్రమే వచ్చింది. గొర్రె మాత్రం తాపీగా నెమరు వేస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు పిలిస్తే ఒక్కసారి ఒళ్లు దులపడానికి ఏం పోయె దీనికి!

అంతలో గొర్రె ఒళ్లంతా దులిపింది, నీళ్లు నా ముఖం మీద పడ్డాయి.

"దులిపింది అవ్వా! వస్తాంది!" అని అరిచి, గోడ మొదట్లో గుప్పెడు మట్టి తీశాను.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. కళ్లు మాత్రం బాపు తడిచేతి మీద ఉన్నాయి.

"చెవుల నీళ్లు పోస్తే ఏ గొర్రెనన్న దులుపుతది కొడుకా. గొర్ల నడుమ పుట్టినదాన్ని, నన్నే మోసం చేస్తవా?"

బాపు తల వంచుకున్నాడు. "నీ బాధ సూడలేక చేసిన అమ్మా."

నాకు కోపం ఆగలేదు. "ఆమెకెందుకే అంత పంతం? ఆ పాడుబావిల ఏమున్నదని ఉంటది?" అన్నాను.

అవ్వ గోడకు ఆనుకొని కూలబడింది.

"బావిల పడ్డ ముందటి దినం అది ఇంటికే ఉరికొచ్చింది బిడ్డా. తలుపు కొట్టింది. అమ్మా, ఇగ నేను గడికి పోను అని మొత్తుకుంది. దొర మందంత తోలుకపోతడని మా నాయిన గడియ తీయనియ్యలే. నేను లోపట్నే ఉన్న. దాని ఏడుపు విన్న. గిప్పుడు ఇంటికి రాయే అంటే, ఏ ఇల్లని వస్తది?"

అవ్వ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, గుప్పిట్లోని మట్టిని అక్కడే పోసేసింది.