ఎడం కాలు ఎత్తని మావయ్య

మా మావయ్య పోయాడు. హాడో పోర్టు ఆఫీసులో నేను అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాను, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వార్డులో ఆయా మాట్లాడింది. "దీదీ, ఆప్‌కే మామాజీ చలే గయే" అంది. ఎప్పుడో ఒకరోజు వినక తప్పదనుకున్న మాటే. డిగ్లీపూర్‌లో ఉన్న ఆయన అన్న బస్సులూ పడవలూ మారి వచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది.

మీలో హాడో వైపు తిరిగినవాళ్లు ఆయన్ని చూసి ఉండకపోవచ్చు గానీ, ఆయన కారు అరుపు వినే ఉంటారు. మా అమ్మకు తమ్ముడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మా తాత ఈ దీవులకు వచ్చినప్పుడు, మావయ్య తాత చంకనెక్కి ఓడ దిగాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ చేపల వేటే. నడుము పనికిరాకుండా పోయాక పడవ దిగి, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కారు తీసుకున్నాడు. డిక్కీ మూత ఊడదీసి గంపలకు చోటు చేశాడు. రోజూ పొద్దున్నే మా వీధి ఆడవాళ్లను చేపల గంపలతో సిప్పీఘాట్ వైపు తీసుకెళ్లేవాడు. నీళ్లు కారే గంపలను బస్సు ఎక్కించనిచ్చేవారు కాదు. ఆ కారు లేకపోతే వాళ్లకు ఆ పూట బేరం లేనట్టే.

ఆయన కారు నడిపేది పడవ నడిపినట్టే. చిన్న డింగీ పడవలో రెండు చేతులతో వల లాగుతూ చుక్కాని కర్రను ఎడం కాలితో తొక్కిపట్టడం చిన్నప్పటి అలవాటు. కారులో ఆ కాలు క్లచ్ మీదికి వచ్చి పడింది. గేరు మార్చినా మార్చకపోయినా కాలు అక్కడే. నాకు నడపడం నేర్పేటప్పుడు మాత్రం నా మోకాలి మీద కొట్టి, "కాలు కింద ఎట్టు అమ్మీ. అవసరమైతేనే తొక్కు" అనేవాడు. మరి నువ్వో అంటే, "నాను కాలు తీస్తే పడవ దానిట్టం" అని నవ్వేసేవాడు. అది పడవ కాదు మావయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో. పీత మొండితనం ఆయనది.

అలా నొక్కి నొక్కి క్లచ్ ప్లేటు అరగదీశాడు. చదునైన రోడ్డు మీద బాగానే ఉండేది. వాలు ఎక్కాల్సి వస్తే ఇంజిను గొంతు చించుకుని అరిచేది, చక్రాలు మాత్రం కదల్లేక కదిలేవి. మాడు వాసన. ఇక్కడ వాలు లేని వీధి ఎక్కడుంది? ఆడవాళ్లు దిగి, గంపలు నెత్తికెత్తుకుని వెనకే నడిచి వచ్చేవారు. మా అత్త ఇంట్లోంచే ఆ అరుపు వినేది. అందరినీ దింపి ఆయన తిండికి తిరిగి వచ్చే వేళ, కింద మలుపులో ఇంజిను అరవగానే లేచి కంచం కడిగి అన్నం పెట్టేది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి పులుసు పొగలు కక్కుతూ ఉండేది.

మెకానిక్ కారు కింద దూరి చూసి బయటికొచ్చాడు. "ప్లేట్ ఘిస్ గయా, మామా. ఆప్ పావ్ ఉఠాతే హీ నహీ" అన్నాడు, ప్లేటు అరిగిపోయింది, మీరు కాలు ఎత్తనే ఎత్తరని. గేర్ బాక్సు దించాలి. కొత్త ప్లేటు ఓడ మీద రావాలి. వేస్తే ఎన్నాళ్లొస్తుందని మావయ్య అడిగాడు. కాలు ఎత్తి నడిపితే చాలా ఏళ్లు అన్నాడు మెకానిక్.

"అన్నేళ్లు నాకెందుకు?" అన్నాడు మావయ్య.

అప్పటికే కాలేయం చెడిపోయిందని డాక్టరు చెప్పేశాడు. మద్రాసు తీసుకెళ్లినా చేసేదేమీ లేదన్నాడు. ఆ మాట మెకానిక్‌కు తెలియదు. నాకూ అత్తకూ తెలుసు. ఆ రోజు నుంచి కారు బాగుచేయించే మాట ఎవరెత్తినా, "నాతోపాటే అదీనీ. ఇద్దరం ఒకేసారి ఒడ్డున పడతాం" అనేవాడు. హాస్యంగానే అనేవాడు గానీ వినడానికి నాకు ఒళ్లు మండేది. అత్త మాత్రం ఎండుచేపలు తిరగేసుకుంటూ ఉండేది.

ఒక వానపూట వాలు మధ్యలో క్లచ్ పూర్తిగా జారిపోయింది. ఆ రోజు వాన వల్ల ఆడవాళ్లు దిగలేదు. ఇంజిను అరుస్తూనే ఉంది, కారు వెనక్కి పోవడం మొదలెట్టింది. మావయ్య హ్యాండ్ బ్రేకు రెండు చేతులా పట్టుకుని లాగాడు. కాలవ అంచున ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన దిగి చక్రం కింద రాయి పెట్టాడు, తర్వాత ఆ వానలోనే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. నేను కబురు తెలిసి ఆఫీసు నుంచి పరుగెత్తుకెళ్లేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. "పోయేవోణ్ణి నాను. ఆళ్లు కాదు గదే, అమ్మీ" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడే ప్లేటు తెప్పించమని మెకానిక్‌కు కబురు పెట్టాడు. తర్వాత సముద్రం చెడింది, ఓడ ఆలస్యమైంది. ఆసుపత్రి మంచం మీద స్పృహ ఉన్నప్పుడల్లా "ఓడొచ్చిందేటి?" అని అడిగేవాడు. ఓడ రాకపోకలు రాసే ఆఫీసులో పనిచేస్తూ, లేదు మావయ్యా అని చెప్పాల్సి రావడం కన్నా కష్టం నాకు మరొకటి తెలియదు. చివరి రోజుల్లో దుప్పటి కింద ఎడం కాలు మంచం కమ్మీని నొక్కుతూ ఉండేది. అత్త దాన్ని మెల్లగా తీసి పక్కన పెట్టేది, అది మళ్లీ అక్కడికే పోయేది.

ఆయన పోయాక ఓడ వచ్చింది. డిగ్లీపూర్ పెదమావయ్య, కారు ఇంకెవరు నడుపుతారు, పాత ఇనుముకిచ్చేయండి అన్నాడు. ఆయన అన్నదీ సబబే. అత్త గోడకు ఆనుకుని విని, "ఆయన ఏయించమన్నాడు. ఏయించీ అమ్మీ" అంది. ఇప్పుడు ఆఫీసుకు ముందు ఆడవాళ్లను నేనే దింపి వస్తున్నాను. ఎడం కాలు కింద పెట్టే నడుపుతున్నాను.

ప్లేటు వేశాక మొదటి రోజు, అందరినీ దింపి ఆయన లాగే ఇంటికి తిరిగొచ్చాను. కారు వాలును చప్పుడు లేకుండా ఎక్కేసింది. నాకు సంతోషంగానే అనిపించింది. గుమ్మంలోకి వెళ్లేసరికి అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చీసినావు? ఇనబడలేదే" అంది. బాగైంది కదా అత్తా అన్నాను. లేచి కంచం అందుకుంది.

ఇప్పటికీ అంతే. నేను ఎదురుగా నిలబడేదాకా ఆవిడకు తెలియదు. కంచం కడక్కుండా, పులుసు వేడి చెయ్యకుండా, తల కొంచెం కింది మలుపు వైపు తిప్పి, వింటూ కూర్చుని ఉంటుంది.