నానమ్మ నోట్లో వెలుతురు

కోకాపేటలో సగం కట్టిన టవర్ కింద బైక్ బుక్ చేసి, ఫోన్ చూస్కుంట నిలబడ్డ. ఎక్కడినుంచో చుట్ట వాసన. ఇగ మ్యాప్ మీద బండి ఎటు తిరుగుతుందో చూసుడే మర్చిపోయిన.

మా నానమ్మ వాసన అది. శ్రీకాకుళం నుంచి వచ్చి గచ్చిబౌలిల ఆఫీసు బిల్డింగులకు ఇసుక మోసేది. నెత్తిన తట్ట, రెండు చేతులు దాని మీదనే, పై అంతస్తుల్ల గాలికి చుట్ట ఆరిపోయేది. అందుకే వాళ్ల ఊరి ఆడోళ్ల లెక్క నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకునేది, అడ్డపొగ అంటరు దాన్ని. ఎండాకాలం పొద్దుగూకినంక కరెంటు పోతే, మా రేకుల రూంల చల్లటి అంబలి, పచ్చి ఉల్లిగడ్డ, కారమద్దిన మామిడికాయ ముక్కలు ముందలేసుకుని, సిమెంటంటిన కాళ్లు చాపుకుని దయ్యం కథలు చెప్తుంటే, పండ్ల సందులకెళ్లి ఎర్రగ వెలుతురొచ్చేది. అది చూసుకునే నేను ధైర్యం తెచ్చుకునేదాన్ని.

"కాలదా నానమ్మా?"

"నిప్పుకే నన్ను సూత్తే బయ్యం, గుంటా."

ఒక ఎండాకాలం మామిడికాయ ముక్క పక్కకు పెట్టింది, మండుతున్నాదని. తర్వాత అంబలి కూడ. దవాఖానకు తీస్కపోతే డాక్టర్ తలెత్తకుండ, "సిగరెట్ తాగుతావా?" అన్నడు.

"సీ, ఆడదాన్ని, నాకు సిగరెట్టేటి బాబూ!" అని నవ్వింది. మేం గూడ నవ్వినం. చుట్ట మాట ఎవ్వరికీ తోచలే. నోరు తెరువమని ఎవ్వరూ అనలే. తెరిచి చూసేనాటికి అంగిలంతా పుండు. ఆ వానలల్లనే పోయింది.

ఇప్పుడు పొగాకు మాన్పించే రీసెర్చ్ నా కొలువు. ఇసొంటి టవర్ పూర్తయితే అండ్ల ఏసీ హాల్ల ఉద్యోగులకు క్లాసులు పెడతం. కట్టేటోళ్లకు గూడ పెడదామని మీటింగుల్ల కొట్లాడుతున్న. "వాళ్లు రారు" అంటరు. "పోయి అడిగిన్రా మీరు?" అని అరిచి బయటికొస్త.

వాసన దిక్కు నడిచిన. ఇసుక కుప్ప మీద ఒకామె, చుట్ట నోట్లోకి తిప్పుకుని.

"జర నోరు తెరువు అత్తా."

"నా నోట్లో ఏటున్నాయమ్మా, ముత్యాలా?" కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.

నానమ్మ సంగతి చెప్పిన. నవ్వు ఆగింది. చుట్ట తీసి, మెల్లగ నోరు తెరిచింది. ఫోన్ టార్చ్ వేసిన. అంగిలి మీద తెల్లటి మచ్చ, నడుమ ఎర్ర చుక్కలు.

"ఏటుందమ్మా?"

"డాక్టర్ చూడాలె. నేనొస్త, పద."

బైక్ క్యాన్సిల్ చేసి ఇద్దరికి ఆటో బుక్ చేసిన. గచ్చిబౌలి దాటుతుంటే చూసిన, మా రేకుల రూం ఉన్న జాగల పార్కింగ్. నానమ్మ చెప్పిన ఆ కథలు ఒక్కటి గూడ పూర్తిగ గుర్తులేవు. దయ్యమొస్తదంటే నేను ఆ వెలుతురు దగ్గరికే జరిగేదాన్ని.