కర్బన జల్లెడ ఉన్న ఇళ్లు

2010 జూలైలో నేను ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో సీనియర్ లెక్చరర్‌ని. వాతావరణ మార్పు గురించి బడి పంతుళ్లకు ఎంత తెలుసు, వాళ్ల వైఖరి ఏమిటి, సొంతంగా ఏం చేస్తున్నారు అని తెలుసుకునే సర్వే నాకు అప్పగించారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కేంద్రాలు. ప్రశ్నావళిలో ఆచరణ భాగం చివరిది. అందులో ప్రతి వాక్యం ఎదుట ‘ఎప్పుడూ’, ‘అప్పుడప్పుడు’, ‘లేదు’ అనే మూడు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టాలి.

సూర్యాపేటలో అందరూ అన్నిటికీ ‘ఎప్పుడూ’ పెట్టారు. గది వదిలేటప్పుడు లైటు ఆర్పుతారు, దగ్గరి దూరాలకు నడుస్తారు, ప్లాస్టిక్ సంచి ముట్టరు. కాగితాలు నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఖాళీ హాల్లో ఆరు ఫ్యాన్లు, అన్ని లైట్లు నా ఒక్కడి కోసం పనిచేస్తున్నాయి. అప్పుడే నాకు కొంటె ఆలోచన వచ్చింది.

సర్వేల్లో ఒక పద్ధతి ఉంది. జవాబులు నిజమో కాదో పట్టుకోవడానికి లోకంలో లేని వస్తువు గురించి ఒక ప్రశ్న కలుపుతారు. దానికి పైవాళ్ల అనుమతి కావాలి. నేను అడగలేదు. కోదాడ బయలుదేరే ముందు పద్నాలుగో వాక్యంగా ‘మా ఇంట్లో కర్బన జల్లెడను వారానికోసారి శుభ్రం చేస్తాం’ అని టైపు చేయించాను.

కోదాడలో దాదాపు అందరూ ‘ఎప్పుడూ’ అన్నారు. ప్రధానోపాధ్యాయులు శేషగిరిరావు గారైతే పక్కనే ‘ఆదివారం ఉదయం, వేడినీళ్లతో’ అని కూడా రాశారు. టీ తాగేటప్పుడు అది ఎక్కడ కొన్నారని అడిగాను.

“ఎప్పటిదోనండీ. మా ఆవిడకి తెలుసు,” అన్నారు నిబ్బరంగా. నేను నవ్వు కనపడకుండా కప్పు అడ్డం పెట్టుకున్నాను.

మిర్యాలగూడలో యాదమ్మ అనే టీచరు చెయ్యెత్తారు. నిడమనూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చారు.

“సార్, ఈ పద్నాలుగోది నాకు సమజ్ కాలే. కర్బన జల్లెడ అంటె ఏంది? మా ఇంట్ల పిండి జల్లెడే ఉంది.”

హాల్లో పెన్నులు ఆగాయి. ముందు వరుసలో ఒకాయన చప్పుడు కాకుండా తను పెట్టిన టిక్కును కొట్టేశారు. అలాంటి వస్తువు లేదని నేను ఒప్పుకోక తప్పలేదు. అందరూ నవ్వారు. యాదమ్మ నవ్వలేదు.

“గట్లనా. మరి నేను రోజు బస్సుల బడికి పోత. బండి లేక పోత, భూమి కోసం కాదు. రేపు బండి దొరికితె బస్సెక్కనే ఎక్క. ‘బస్సులో ప్రయాణిస్తాను’ అన్న దగ్గర ఏం పెట్టాలె?”

నేను ప్రశ్నావళి తిరగేశాను; కారణం రాసే చోటు ఎక్కడా లేదు.

“మీరెట్ల వచ్చిండ్రు సార్?”

బయట సంస్థ జీపు ఉంది. అందులో డ్రైవరు కాక వచ్చింది నేనొక్కణ్ణే. అదే చెప్పాను.

“అయితె మీరు గూడ ఒకటి నింపుండ్రి,” అంటూ ఒక ఖాళీ ప్రశ్నావళి నా ముందుకు జరిపారు. అందరి ఎదుటా నింపాను. రెండే ‘ఎప్పుడూ’లు వచ్చాయి. వాటిలో ఒకటి, అన్నం పారేయకపోవడం, మా ఇంటావిడ నియమం.

కబురు కోదాడ చేరింది. ఉపాధ్యాయులను ఎగతాళి చేశానని శేషగిరిరావు గారు ఫిర్యాదు పెట్టారు. మా ప్రిన్సిపాల్ సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. పదోన్నతి జాబితాలో నా పేరున్న ఏడాది అది. తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చి, కోదాడ వెళ్లి క్షమాపణ చెప్పాను.

“నోటితో అడిగుంటే లేదనే చెప్పేవాణ్ణండీ,” అన్నారాయన. “పైనుంచొచ్చిన కాగితం. లేదని రాస్తే మా బడికి మాటొస్తుందేమోననుకున్నా.”

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. నివేదిక నుంచి పద్నాలుగో వాక్యం తొలగించారు. పదోన్నతి మాత్రం ఏడాది ఆలస్యమైంది.

పై ఆఫీసు పేరుతో అడిగితే పంతుళ్లు పరీక్ష రాసినట్టే రాస్తారు. అది వాళ్ల గుణం కంటే మేం అడిగిన తీరులోని లోపమని ఆ సర్వేలో తెలుసుకున్నాను. తర్వాత నేను తయారుచేసిన ప్రశ్నావళుల్లో పేరు, బడి రాసే గడులు ఉంచలేదు. ప్రతి ఆచరణ ఎదుటా ‘ఎందుకు’ అని ఒక ఖాళీ గీత పెట్టాను. ఆ జవాబులు అంత ముచ్చటగా లేవు. కానీ పనికొచ్చాయి.