కైరొల్లా చేతులు

కరగండా బడిలో సైన్సు చెప్పే కైరొల్లాకి చేతులు ఒక్క నిమిషం ఊరుకోవు. పాఠం చెబుతూ సుద్దముక్క నలిపేస్తాడు, నడుస్తూ జేబులో స్క్రూడ్రైవర్ తిప్పుతుంటాడు. పుస్తకం తెరిస్తే కునుకు తీసే పదో తరగతి పిల్లలకు ఇంజనీరింగ్ మీద మనసు పుట్టాలని, రోబోల పోటీ కోసం చుట్టాలకు టీ పోసే రోబోను వాళ్ళ చేతే చేయిస్తున్నాడు. చేయిస్తున్నానని అతను అనుకుంటున్నాడు. ఎవరైనా స్క్రూ బిగించబోతే చాలు, "అలా కాదు, ఇటివ్వు" అంటూ లాగేసుకుంటాడు. పిల్లలు మళ్ళీ కిటికీలోంచి మంచు చూడటం మొదలుపెట్టారు. రోబో మొదటిసారి పియాలా నిండా టీ పోసినప్పుడు పగలబడి నవ్వింది కూడా అతనే. "మన ఆచారంలో సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, నిండా పోస్తే ఇక దయచేయమని. మనది చుట్టాలను తరిమేస్తోందర్రా!"

పోటీకి ముందురోజు, ఆ తరగతిలో కాస్త నోరున్న పిల్ల జన్సాయా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇవాళ మీరే చుట్టం అగాయ్," అంది, అక్కడ పిల్లలు మాస్టార్లను పిలిచే పిలుపుతో. " చేతులు ఒళ్ళో పెట్టుకోండి మాస్టారూ." రోబో చెయ్యి వంగింది. పాలటీ సగానికి వచ్చింది, ఆగలేదు. "ఆపండర్రా, సెన్సర్ పాడైంది!" అంటూ లేవబోయాడు. టీ అంచుదాకా వచ్చి, చుక్క ఒలకకుండా ఆగింది. "పాడవలేదండీ," అంది జన్సాయా. "అంతా పోయమని మేమే చెప్పాం." ఎవరూ నవ్వలేదు. కైరొల్లా ఆ వేడి టీ ఊదుకుంటూ అడుగుదాకా తాగి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వరండా చివరిదాకా పోయి, గిరుక్కున తిరిగొచ్చి తలుపు తట్టాడు. "మళ్ళీ ఏంటి అగాయ్?" అంది జన్సాయా, తలుపు కొంచెమే తీసి. లోపలికి తొంగిచూడకుండా, ఆ సందులోంచి స్క్రూడ్రైవర్ అందించాడు.