ఆ టెరిటరీ నాకే ఇచ్చారు, రమణ బావా

నిన్న ఉదయం గజపతినగరంలో మెడికల్ షాపు ముందు బండి ఆపుతుంటే ఫోన్ వచ్చింది. రమణ బావ లేడు, హార్ట్ ఎటాక్ అన్నారు.

నమ్మలేదు.
మొన్న సాయంత్రం కూడా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు.

ఆ షాపు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

బావ అంటే చుట్టం కాదు. పన్నెండేళ్ళు నాకు పోటీ కంపెనీ మెడికల్ రెప్. ఆమదాలవలసలో ఒకే డాక్టరు గారి గది బయట ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఇద్దరివీ బీపీ మాత్రలే. లోపలికెళ్ళి నేను బావ మాత్రని తిట్టేవాణ్ణి, బావ నా మాత్రని తిట్టేవాడు. బయటికొచ్చి కలిసి టీ తాగేవాళ్ళం.

తర్వాత రెండు కంపెనీలూ కలిసిపోయాయి.

ఆ మొదటి వారమే బావ అలవాటు కొద్దీ డాక్టరు గారితో "ఆ మాత్ర ఏస్తే కాళ్ళు వాసిపోతాయండి" అనేశాడు. ఆ మాత్ర అప్పటికి మా ఇద్దరిదీ. నేను పక్కనుంచి కాలు తొక్కాను. డాక్టరు గారు పడీపడీ నవ్వారు.

రెండేళ్ళకి రీస్ట్రక్చరింగ్ అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం కలిపి ఒకటే టెరిటరీ. మా ఇద్దరిలో ఒకరే ఉంటారు. ఎవరో చెప్పలేదు. నాలుగు నెలలుగా ఫోన్ మోగితే చాలు, ఆఫీసు నుంచేనేమో అనుకునేవాళ్ళం.

పోయిన వారం కోటబొమ్మాళి స్టేషన్‌లో బావ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. డాక్టరు దగ్గరికి పద అన్నాను.

"వద్దురా. మనల్ని ఎరగని డాక్టరు ఎవుడున్నాడు ఈ రెండు జిల్లాల్లో? ఆఫీసుకి తెలిసిపోతాది. రోగిష్టోడని నన్నే తీసేత్తారు. నువ్వెవరికీ సెప్పకు."

చెప్పలేదు. ఇంట్లో అక్కకి, అంటే బావ భార్యకి కూడా చెప్పలేదు.

చెబితే నా ఉద్యోగం కోసమే చెప్పానంటారని భయపడ్డాను. నిజానికి ఒక్క క్షణం నాకూ ఆ ఆలోచన వచ్చింది. దానికి ఇంకా ఎక్కువ భయపడ్డాను.

నిన్న మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. రెండు ముక్కలు బాధపడి, "ఇంక టెరిటరీ నీదే" అన్నాడు. బావని అప్పటికింకా ఇంట్లోంచి తియ్యనే లేదు.

నిన్నటి నుంచీ అక్క ఎదురుపడితే తల దించుకుంటున్నాను. "ముందేమైనా తెలిసిందా తమ్ముడూ" అని అడుగుతుందేమోనని.

అక్కా, నువ్వు ఈ పోస్ట్ చూస్తావని తెలిసే రాశాను. తెలుసు. నాకు ముందే తెలుసు.

ఉంటాను బావా. అక్కడైనా నీ గుండెకి నెమ్మది దొరకాలి.